బీరువాలో దొరికిన చేప

నేను దొంగనని రాజమండ్రిలో ఒక వీధి వీధంతా ఆరేళ్ళపాటు నమ్మింది. పెళ్ళికార్డులు, బిల్లు బుక్కులు, గుడ్డ సంచులు అచ్చువేసే చిన్న చిన్న ప్రెస్సులు వరసగా ఉండే వీధి అది. అందులో ఒక స్క్రీన్ ప్రింటింగ్ షాపులో నేను పద్నాలుగేళ్ళు పనిచేశాను. నన్ను దొంగని చేసింది ఆ షాపు యజమానే. ఆయన్ని నేను గురువుగారూ అని పిలిచేదాన్ని. ఇప్పటికీ నోటికి అదే వస్తుంది. అందుకు నా నోటిమీద నాకే కోపం.

మాది కొవ్వూరు. నాన్న నా చిన్నప్పుడే పోయారు. అమ్మ మిషన్ స్కూల్లో టీచరుగా చేసి రిటైరయ్యింది. నేను ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చుంటే, మా చర్చికి కరపత్రాలు వేసిపెట్టే ఆయన దగ్గర అమ్మే నన్ను పనికి కుదిర్చింది. రోజూ పొద్దున్నే బస్సెక్కి బ్రిడ్జి దాటి వెళ్ళేదాన్ని.

ఆయన నేర్పలేదని అనను. ఫ్రేముకి సన్నటి బట్టని డోలు మీద తోలులా బిగించడం, దానికి మందు పూసి, మీద బొమ్మ గీసిన ఫిల్ము పెట్టి ఎండ చూపించడం, తర్వాత నీళ్ళతో కడిగితే బొమ్మ ఉన్నంతమేరా బట్ట తెరుచుకుని ఇంకు దిగడానికి దారివ్వడం, ఇవన్నీ మొదటి రెండేళ్ళలో ఆయన చేతిమీదుగానే నేర్చుకున్నాను. ఆ తర్వాత ఆయన చెయ్యి మెల్లగా బల్ల వదిలేసి కౌంటరు దగ్గరికి పోయింది. వచ్చినవాళ్ళతో మాట్లాడటం ఆయన పని, మిగతాదంతా నా పని. అప్పట్లో అది నాకు గౌరవంగానే ఉండేది.

ఒక్క రంగు పోస్టరు కాస్త చెయ్యి తిరిగిన ఎవరైనా వేస్తారు. రెండు రంగులైతేనే మనిషి తేలిపోతాడు. ఒక్కో రంగుకీ ఒక్కో స్క్రీను, అంటే బట్ట బిగించిన ఫ్రేము, ఉంటుంది. మొదటి రంగు ఆరిన కాగితాన్ని రెండో స్క్రీను కింద వెంట్రుకవాసి తేడా లేకుండా పెట్టాలి. అందుకని బల్లమీద మూడు చిన్న అట్టముక్కలు అంటిస్తాం, కింది అంచుకి రెండు, పక్క అంచుకి ఒకటి. కాగితాన్ని వాటికి ఆనిస్తే చాలు, ప్రతిసారీ అదే చోట కూర్చుంటుంది. ఆ ముక్కలు ఎక్కడ అంటించాలో కనిపెట్టడమే అసలు విద్య. బల్లకి ఒక పక్కన పల్చటి ప్లాస్టిక్ షీటు అంటించి, రెండో బొమ్మని ముందు దానిమీద వేసి, దాని కింద కాగితాన్ని జరుపుతూ జరుపుతూ రెండు బొమ్మలూ ఒకదాంట్లో ఒకటి ఒదిగేదాకా చూడాలి. ఒదిగాక కాగితం కదలకుండా ముక్కలు అంటించాలి. తెలిసినవాళ్ళకి ఐదు నిమిషాల పని.

నేను పనిలో చేరిన ఎనిమిదో ఏడు, గోదావరి గట్టున చేపలమ్మే ఆడవాళ్ళ సంఘం వాళ్ళు వచ్చారు. గుడ్లతో ఉన్న చేపని పట్టొద్దని రేవుల్లో అంటించడానికి పోస్టరు కావాలన్నారు. ఆ బొమ్మ నేనే గీశాను. మా పక్కింటావిడ పులస కోస్తుంటే కత్తిపీట ముందు గొంతుక్కూర్చుని, కడుపులో గుడ్లు ఎలా పేర్చి ఉంటాయో చూసి మరీ గీశాను. ఎర్ర రంగులో గుడ్లు, కన్ను. నీలంలో చేప ఒళ్ళు, నీళ్ళు, అక్షరాలు. నీలంలో కడుపు మాత్రం ఖాళీగా వదిలేశాను, ఎర్రటి గుడ్లు వచ్చి ఆ ఖాళీలో కూర్చోవాలి. మూడొందల పోస్టర్లు వేస్తే ఒక్కదాంట్లో కూడా గుడ్డు గీత దాటలేదు. తీసుకెళ్ళడానికి వచ్చిన ఆడవాళ్ళలో ఒకావిడ పోస్టరుని దూరంగా పట్టుకుని, "ఈ బొమ్మేసినోడికి చేప తెలుసండి," అంది. గురువుగారు నవ్వి ఊరుకున్నారు. నేనూ నవ్వి ఊరుకున్నాను.

ఆ తర్వాత ఫ్లెక్సీలొచ్చి మా పని సగానికి సగం పోయింది. అలాంటి రోజుల్లో హైదరాబాదు నుంచి ఒకాయన వచ్చాడు. చేత్తో వేసిన పాత పోస్టర్ల గురించి పత్రికలో రాస్తున్నానన్నాడు. షాపులో ఉన్నవన్నీ తిరగేసి, ఆ చేప దగ్గర ఆగిపోయాడు.

"ఇది ఎవరు గీశారండీ?"

నేను అక్కడే ఉన్నాను. మోచేతుల దాకా ఇంకు, చేతిలో తడిగుడ్డ. చెబుతారు కదా అని గురువుగారి మొహంలోకి చూశాను.

"నేనేనండి. అంతా చేత్తోనే," అన్నారాయన.

వచ్చినాయన నావైపు తిరిగాడు. "మరి ఈవిడ?"

"స్క్రీన్లు కడుగుతుందండి."

రెండు నెలల తర్వాత పత్రిక వచ్చింది. చేప పోస్టరు పట్టుకుని నిలబడ్డ ఆయన ఫోటో పేజీ సగం ఉంది. ఆరోజు మధ్యాహ్నం షాపులో ఎవరూ లేనప్పుడు అడిగాను. "గురువుగారూ, ఆ చేప నేను గీసింది కదండీ."

ఆయన తల ఎత్తలేదు. "నేర్పిందెవరు? చెట్టు నాదైతే కాయ నీదెలా అవుద్ది?"

"ఆ రెండు ఫిల్ములూ తియ్యండి. వాటిమీద నా రాత ఉంటుంది," అన్నాను.

అలా అనడమే నేను చేసిన తప్పు. మర్నాడు వెళ్ళేసరికి నా టిఫిన్ బాక్సూ, పనికి కట్టుకునే పాత చీరా ఒక కవర్లో పెట్టి గుమ్మం పక్కన ఉంచారు. వీధిలో నలుగురూ వినేట్టు, ఫిల్ములు ఎత్తుకుపోయి వేరే ప్రెస్సుకి అమ్ముకున్నాను అన్నారు. పద్నాలుగేళ్ళ పనిమంతురాలిని ఎందుకు మాన్పించారని ఎవరడిగినా ఆయన అదే చెప్పారు. నేను పని అడగడానికి ఏ షాపుకి వెళ్ళినా ఆ మాట నాకంటే ముందే అక్కడికి చేరేది. ఒకాయన అయితే కూర్చోమని కూడా అనలేదు. "చెయ్యి మంచిది కాదంట కదమ్మా," అన్నాడు, నా చేతులవైపే చూస్తూ.

కొవ్వూరులో ఆఫీసుల దగ్గర ఒక జిరాక్సు షాపులో చేరాను. ఆధార్ కార్డులు, పొలం కాగితాలు, టీసీలు. ఆరేళ్ళు. మిషను మూత ఎత్తడం, కాగితం పెట్టడం, మూత దించడం. ప్రతిసారీ ఆ మాట గుర్తొచ్చేది, స్క్రీన్లు కడుగుతుందండి. చర్చిలో కూర్చున్నా, అన్నం తింటున్నా, బస్సులో బ్రిడ్జి మీద పోతున్నా నేను ఆయనకి జవాబు చెబుతూనే ఉండేదాన్ని. నలుగురిలో ఆయన నన్ను ఏదో అడుగుతారు. 'నేను స్క్రీన్లు కడిగేదాన్నండి, నాకేం తెలుసండి' అంటాను. ఆ వాక్యాన్ని ఎన్ని రకాలుగా దిద్దుకున్నానో లెక్కలేదు. ఒక మనిషి మొహం పాలిపోవడాన్ని ఆరేళ్ళపాటు కళ్ళముందు పెట్టుకుని బతికాను. అది మంచి బతుకు కాదు. కానీ నన్ను నిలబెట్టింది అదే.

పోయినేడు ఒక ఆదివారం ఫోను మోగింది. గురువుగారి భార్య. నేను అక్కడ పనిచేసిన రోజుల్లో నాకు ప్రతి వేసవిలో ఆవకాయ సీసా పంపించిన మనిషి ఆవిడ.

"ఏమ్మా, బాగున్నావా? పాతవన్నీ మనసులో పెట్టుకోకు. మీ గురువుగారికి ఇక్కడ ఒక కాలేజీలో సన్మానం చేస్తున్నారు. పాత పోస్టర్లన్నీ గోడకి పెడతారంట. ఆ చేప పోస్టరు అందరి ముందూ వేసి చూపించమన్నారు. ఆయనకి ఇప్పుడు అలవాటు తప్పింది కదా. నువ్వొచ్చి స్క్రీన్లు కాస్త సిద్ధం చేసిపెడితే..."

"వస్తానండి," అన్నాను. ఆవిడ మాట పూర్తి కాకముందే అన్నాను.

అమ్మ అంతా విన్నది. "ఎందుకే వెళ్ళడం? ఇంకా ఏం మిగిలిందని?"

"చాలా మిగిలిందమ్మా."

నిజం చెప్పాలంటే ఆ వారమంతా నాకు చాలా చెడ్డ ఆలోచనలు వచ్చాయి. మందు సరిగా ఆరకుండానే కడిగితే, పది మంది ముందు మూడో అచ్చుకే బొమ్మ పొరలు పొరలుగా లేచిపోతుంది. ఇంకులో తప్పుడు థిన్నరు కలిపితే బట్టలోనే గడ్డకడుతుంది. కానీ చెడ్డ స్క్రీను చెయ్యడానికి నా చేతులు ఒప్పుకోలేదు. అది దయ అనుకోవద్దు. పని చెడితే ఆ చెడ్డపేరు కూడా నాకే వస్తుందని నాకు తెలుసు.

ప్రదర్శనకి రెండు రోజుల ముందు షాపుకి వెళ్ళాను. ఫ్లెక్సీ మిషను గదంతా ఆక్రమించేసింది. నా పాత బల్లమీద అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి. గురువుగారు ఫోన్లో మాట్లాడుతూ నన్ను చూసి తలాడించారు, నిన్ననే కనబడినట్టు. జుట్టు బాగా నెరిసింది. "మన అమ్మాయే కదా," అన్నారు ఫోన్లో ఎవరితోనో.

స్క్రీన్లు చెయ్యాలంటే ఫిల్ములు కావాలి. అవి ఎలాగూ లేవు కాబట్టి మళ్ళీ గీయాల్సి వస్తుందని పెన్నులు కూడా తెచ్చుకున్నాను. ఆ మాటే ఆవిడతో అన్నాను.

"మళ్ళీ గీయడం ఎందుకమ్మా? అన్నీ ఆయన బట్టల బీరువాలో, చొక్కాల కిందే ఉన్నాయిగా," అంటూ ఆవిడ ఇంట్లోకి వెళ్ళి, పాత చీరముక్కలో చుట్టిన ఒక కట్ట తెచ్చి నా చేతిలో పెట్టింది.

విప్పాను. పైనే ఉంది చేప. రెండు ఫిల్ములూ ఉన్నాయి. నీలం ఫిల్ము అంచున నేను గీసి చూసుకున్న చిన్న చిన్న చేపకళ్ళు. వాటి పక్కన, అప్పట్లో మరిచిపోకుండా రాసుకున్నది, నా రాతలో 'అమ్మ కళ్ళజోడు, శనివారం' అని.

ఆవిడకి ఏమీ తెలియదని ఆవిడ మొహం చూస్తేనే అర్థమైంది. వీధిలో ఏం చెప్పారో ఇంట్లో చెప్పి ఉండరు, ఏదో మాటా మాటా వచ్చి నేనే మానేశానని చెప్పి ఉంటారు. ఆరేళ్ళుగా నేను దొంగిలించిన ఫిల్ములు ఆయన బట్టల బీరువాలో, ఆయన చొక్కాల కింద ఉన్నాయి.

"ఏంటమ్మా, పాడైపోయాయా?" అందావిడ.

"లేదండి. బాగా దాచారు," అన్నాను.

ఆరోజే రెండు స్క్రీన్లూ చేశాను. నా జీవితంలో అంత మంచి స్క్రీన్లు చెయ్యలేదు. ఎర్రరంగు వేసి యాభై కాగితాలు తీగలకి క్లిప్పులు పెట్టి ఆరేశాను. ఎర్రటి గుడ్లు, ఎర్రటి కన్ను, చుట్టూ ఏమీ లేని తెల్లకాగితం. మర్నాటికి ఆరాయి. ఆ తర్వాతి రోజు పొద్దున కాలేజీ హాల్లో బల్ల వేయించి, నీలం స్క్రీనుని క్లాంపులకి బిగించాను. ఇంకు కలిపాను. ఫిల్ములు నా బ్యాగులో పెట్టుకున్నాను. అట్టముక్కలు మాత్రం అంటించలేదు.

గురువుగారు పట్టు పంచె కట్టుకుని వచ్చారు. బల్ల చుట్టూ ఒకసారి తిరిగారు. "అంతా సిద్ధమేనా?"

"స్క్రీను బిగించానండి. ఇంకు కలిపానండి. కాగితాలు ఆరాయండి," అన్నాను.

ఒక్క ముక్క అబద్ధం లేదు. పని తెలిసినవాడైతే బల్లవైపు ఒక్క చూపు చూసి, అట్టముక్కలేవీ అని అడుగుతాడు. ఆయన స్క్రీను అంచు మీద చెయ్యి వేసి, "బాగుంది," అని వెళ్ళి మొదటి వరసలో కూర్చున్నారు.

హాలు నిండింది. గోడలమీద పాత పోస్టర్లు, ప్రతిదాని కింద ఆయన పేరుతో ఒక చీటీ. నేను నా చేత్తో గీసినవి పదకొండు లెక్కపెట్టాను. ఉపన్యాసాలయ్యాక, డ్రాయింగ్ చెప్పే లెక్చరరమ్మ మైకులో ఆయన్ని పిలిచింది. అందరూ లేచి బల్ల చుట్టూ మూగారు. నేను కిటికీ పక్కన కుర్చీలో కూర్చున్నాను.

ఆయన కాగితం తీసుకుని స్క్రీను కింద కళ్ళతోనే అంచనా వేసి పెట్టారు. ఇంకు పోసి, దాన్ని బట్టలోంచి కిందికి దించే రబ్బరు పలక, స్క్వీజీ, పట్టుకుని లాగారు. స్క్రీను ఎత్తారు. నీలం చేప వచ్చింది. గుడ్లు మాత్రం కడుపులో లేవు, తోక వెనకాల నీళ్ళలో ఉన్నాయి. కన్ను వచ్చి ఖాళీ కడుపులో కూర్చుంది.

ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన కూడా నవ్వారు. "మొదటిది ఎప్పుడూ ఇంతేనండి." రెండో కాగితాన్ని ఇటు జరిపి పెట్టారు. గుడ్లు చేప వీపుమీదికి ఎక్కాయి. మూడోది వంకర పోయింది. నాలుగోసారికి ఇంకు ఎక్కువై అక్షరాలు అలికినట్టయ్యాయి. ఆయన మెడ వెనక చెమట కారడం నాకు కూర్చున్నచోటికే కనబడుతోంది. నేను ప్రతి చుక్కా చూశాను. అలా చూడటం కోసమే వచ్చాను.

అప్పుడు ఆయన తల తిప్పి నన్ను వెతికారు. "అమ్మాయ్, ఒకసారి ఇలా రా."

ఆరేళ్ళు దిద్దుకున్న వాక్యం అప్పుడు రావాలి. రాలేదు. కూర్చున్నచోటు నుంచే, "మీరే చెయ్యండి గురువుగారూ. మీరు గీసిందే కదండీ," అన్నాను. గట్టిగా కూడా అనలేదు. కానీ హాలు నిశ్శబ్దంగా ఉంది కాబట్టి అందరికీ వినబడింది.

ఆయన మొహం నేను ఊహించుకున్నట్టు పాలిపోలేదు. ఎర్రబడింది. "పని చెడగొట్టింది ఇదేనండి. దీని చెయ్యి మంచిది కాదు. ముందు కూడా ఫిల్ములు ఎత్తుకుపోయింది," అన్నారు, మైకు పక్కనే ఉందని మరిచిపోయి.

అది ఆయన అనకపోయి ఉంటే నేను అంతటితో ఆగేదాన్నేమో. తెలియదు. లేచి బల్ల దగ్గరికి వెళ్ళాను. బ్యాగులోంచి రెండు ఫిల్ములూ తీసి లెక్చరరమ్మ చేతిలో పెట్టాను. "నేను ఎత్తుకుపోయానని ఈ ఊళ్ళో ప్రతి ప్రెస్సుకీ చెప్పిన ఫిల్ములు ఇవేనండి. మొన్న గురువుగారి బీరువాలోంచి అమ్మగారే తీసిచ్చారు. అంచున ఉన్న రాత ఎవరిదో చూడండి," అన్నాను. అక్కడున్న పెన్నూ కాగితం తీసుకుని అదే మాట రాసి చూపించాను. అమ్మ కళ్ళజోడు, శనివారం.

లెక్చరరమ్మ రెండూ పక్కపక్కన పెట్టి చూసింది. తర్వాత మొదటి వరసలో ఉన్న గురువుగారి భార్యవైపు చూసింది. ఆవిడ తల దించుకుంది.

నేను ప్లాస్టిక్ షీటు అంటించాను. దానిమీద నీలం చేప వేశాను. కింద కాగితం జరిపి, గుడ్లు కడుపులోకి వచ్చేదాకా జరిపి, అట్టముక్కలు మూడూ అంటించాను. షీటు మడిచి పక్కకి తీసి, కాగితం ఆనించి, స్క్వీజీ ఒక్కసారి లాగాను. గుడ్లన్నీ కడుపులో కూర్చున్నాయి. మిగిలిన నలభై అయిదూ ఆగకుండా వేశాను. ఒక్కొక్కటి ఎత్తి చూపించాను, ఆయన నిలబడ్డ వైపుకి. అన్ని వెయ్యనక్కర్లేదు. ఒకటి సరిపోయేది. అయినా వేశాను.

నలభైల దగ్గర ఉన్నప్పుడు అనుకుంటా, తల ఎత్తి చూస్తే ఆయన లేరు. పక్క గుమ్మంలోంచి వెళ్ళిపోయారట. కప్పడానికి తెచ్చిన శాలువా మడత విప్పకుండా కుర్చీలోనే ఉండిపోయింది.

మెట్ల దగ్గర ఆయన భార్య నాకోసం ఆగి ఉంది. "నీ చేతికి నమ్మి ఇచ్చానమ్మా ఆ కట్ట. నాతోనే ఆయన పరువు తీయించావు. కడుపు నిండిందా?"

"నిండలేదండి," అన్నాను.

ఆవిడ ఆటో ఎక్కింది. ఆయన విషయంలో నాకు ఇసుమంత బాధ కూడా లేదు. ఆవిడ ఆటోలో కొంగు సరిచేసుకుంటూ కూర్చున్న తీరు మాత్రం ఇప్పటికీ కళ్ళముందు మెదులుతుంది. ఆవకాయ సీసాలు పంపిన మనిషిని కర్రలా వాడుకున్నాను. ఇంకో దారి ఉందా అని చాలాసార్లు ఆలోచించాను. ఉంటే ఉండొచ్చు. నేను వెతకలేదు.

పదకొండు పోస్టర్ల కింద చీటీలు మార్చేదాకా నేను హాల్లోంచి కదలలేదు. నా పేరు పెన్నుతో రాసి అంటించారు, అందులో ఒక అక్షరం తప్పు. దాన్ని కూడా దిద్దించాను.

ఆ వీధిలో మాట తిరగబడటానికి వారం పట్టలేదు. నేనిప్పుడు కొవ్వూరులో మా పెరటి గదిలో సొంతంగా రెండు బల్లలు వేసుకున్నాను. చేత్తో వేసిన కార్డులే కావాలనే పెళ్ళివాళ్ళున్నారు, కాలేజీవాళ్ళున్నారు. నా చేతులవైపు చూసి మాట్లాడిన ప్రెస్సాయన కూడా ఒకరోజు పని పట్టుకొచ్చాడు. ఆయన్ని కూర్చోమనలేదు. ఎండలో నిలబెట్టి, చేతిలో ఉన్న పనంతా నింపాదిగా ముగించి, స్క్రీను కడిగి, చేతులు తుడుచుకుని, అప్పుడు కుదరదన్నాను.

అమ్మకి ఇవేవీ నచ్చవు. ఆదివారం చర్చిలో అందరం కలిసి ప్రార్థన చెప్పేటప్పుడు, క్షమించడం గురించిన మాట వచ్చే చోట అమ్మ ఓరకంటితో నా పెదవుల్ని చూస్తుంది. అక్కడ నేను నోరు కదపను. దేవుడి ముందు అబద్ధం ఎందుకని.

పోయిన నెల రాజమండ్రి కాంప్లెక్సులో కొవ్వూరు బస్సు కోసం నిలబడి ఉంటే ఎదురుగా గురువుగారు వచ్చారు. తప్పించుకుపోవడానికి ఇద్దరికీ చోటు లేదు. ఆయన ఒక్క క్షణం ఆగి, "బాగున్నావా అమ్మా?" అన్నారు.

"బాగున్నానండి," అన్నాను.

మా వైపు ఆ మాట అక్కడితో ఆగదు. శత్రువునైనా, మీరెలా ఉన్నారండీ అని తిరిగి అడుగుతాం. ఆయన ఆ ప్రశ్న కోసం కాసేపు నిలబడ్డారు. నేను అడగలేదు. బస్సు వస్తే ఎక్కేశాను.